మీ ఉద్దేశం ఇదేనా?

మౌలాలిలో, టైర్ల గోదాం మీద
మూడో అంతస్తు.
గూడ్సు బండి పోయినప్పుడల్లా మానిటర్లు సన్నగ వణుకుతయి.
ఇక్కడ కూసొనే మేం ప్రపంచాన్ని వెతుకుతున్నం,
అంటే, ప్రపంచంల మా కిరాయికి సరిపోయినంత.

నలుగురం.
సబీహా, ఓదెలు, కృపాదానం, నేను.
ఏసీ ఒకటే.
అది సర్వర్లకు.

పెద్దాయన పేరు ఇక్కడ ఎవరం పలకం.
పలికే పనేముంది,
ఊరంతా దాన్ని క్రియాపదం చేసుకున్నంక.
నల్లా ఎన్నింటికి వస్తదని అడిగితే
మా ఇంటి ఓనరు కూడ "అండ్ల కొట్టి చూడు" అంటడు.
మమ్మల్ని!

మొదటి ఏడాది అచ్చం దానిలెక్కనే ఉండబోయినం.
అదే తెల్ల పేజీ, నడుమ అదే ఖాళీ డబ్బా.
పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు.
ఆ వాతలు మానడానికి ఇంకో ఏడాది.

తర్వాత జగదీశ్ మార్కెట్‌కు పోయినం,
అమ్మే ప్రతి ఫోన్ల మా బొమ్మ ముందు పెట్టుమని.
ఇల్తాఫ్ భాయ్ స్క్రూడ్రైవర్ పండ్ల నడుమ పట్టుకొనే
"ఫోనుకెంతిస్తరు?" అన్నడు.
చెప్పినం.
స్క్రూడ్రైవర్ చేతిలకు తీసి మరీ నవ్విండు.
"మీ సామాను ఖరాబు లేదు భాయ్.
కానీ తలుపు కాడి జాగా వాళ్లు కొనుక్కున్నరు."
చాయ్ పైసలు మాత్రం ఆయనే ఇచ్చిండు.

సొరకాయ, ఆనపకాయ, అనిగెపుకాయ:
ఒకటే కాయ అని ఓదెలు కాపీల రాస్తడు.
మక్కలు, మొక్కజొన్న. తోవ, దారి, బాట.
నెమ్ము, చెమ్మ.
"గోడకు నెమ్మొస్తున్నది" అని కొడితే
పెద్దాయన "మీ ఉద్దేశం ఇదేనా?" అంటడు,
నీ నోట్లె మాట తీసి తన మాట పెడతడు,
కింద నాలుగు రంగుల డబ్బాలు అమ్ముతడు.
మేం ఉద్దేశాలు అడగం.
కాచిగూడ మేస్త్రీ ఒకాయన రాసుకున్న
అక్షరదోషాల పేజీని ముందు చూపిస్తం.
ఆయనకు ఆ గోడ తెలుసు.

అడిగింది మర్చిపోతమని
మొదటి పేజీ మీదనే రాసినం.
పెట్టుబడి పెడతనని గచ్చిబౌలి నుంచి వచ్చినాయన
అది రెండుసార్లు చదివి
"మరి మీరు అమ్మేదేంది?" అన్నడు.
ఫ్యాను చప్పుడు చాన సేపు వినిపించింది.

ఇంకొకటి చెప్పాలె.
మా దగ్గరున్న జాబితాల సగం
ఇంకో పెద్దోని దగ్గర కిరాయికి తెచ్చిందే.
పోయిన నెల వాడు కిరాయి పెంచిండు.
అప్పటి సంది కృపాదానం తన సొంత సాలీడును
రాత్రంత ఇల్లిల్లు తిప్పుతున్నడు.
తెల్లారి చూస్తే సగం గుమ్మాల మీద ఒకటే రాత:
పెద్దాయనకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు.
అది పెట్టుమని ఆయనేం చెప్పలేదు.
వాళ్లే పెట్టుకున్నరు.

ఇదీ చెప్పాలె.
మొన్న పిల్లకు జ్వరం నూటమూడు దాటితే
చీకట్ల నా వేలు
పెద్దాయన తలుపే కొట్టింది.
సబీహాకు ఇంకా చెప్పలేదు.

నిన్న రాత్రి రెండు దాటింది.
రోజు లెక్క మూడువందల పన్నెండు కాడ ఆగి ఉన్నది,
అండ్ల నలభై మేం కొట్టుకున్నయే.
మూడువందల పదమూడు అయింది.
తెర మీద ప్రశ్న ఒక్క క్షణం వెలిగింది:
"మౌలాలి నుంచి ఉస్మానియా దవఖానకు ఇప్పుడు బస్సున్నదా"
ఎవరో తెలువదు. తెలుసుకోమని మాటిచ్చినం కద.
బస్సు లేదని చెప్పింది మా డబ్బా.
దాని కింద, ఎప్పుడో ఓదెలు చేత్తో ఎక్కించిన
ఆటో స్టాండు నంబరు.

ప్రశ్న ఆరిపోయింది.
ఆ నంబరు ఇంకా నడుస్తున్నదో లేదోనని
ఓదెలు తన ఫోను తీసి కలిపిండు.
స్పీకర్ల పెట్టిండు.

బిజీ వచ్చింది.

ఏం అనలేదు.
ఫోను బోర్లేసి
కాపీల కొత్త పేజీ తిప్పిండు.